వైద్యం ఉచితం, మరి దారి ఖర్చు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరీ ముదరకముందే బయటపడితే నయమయ్యే అవకాశం బాగానే ఉంటుంది. కాస్త ముదిరిన దశలో దానికి ప్రధాన చికిత్స రేడియేషన్. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాలు యంత్రం కింద పడుకోవాలి. మధ్యలో వారానికోసారి కీమో ఎక్కిస్తారు. ఆపైన శరీరం లోపలినుంచి ఇచ్చే రేడియేషన్ మరికొన్ని విడతలు ఉంటుంది. రోజూ యంత్రం దగ్గర గడిపేది కొద్ది నిమిషాలే అయినా, ఆ కొద్ది నిమిషాల కోసం నెలా నెలన్నర పాటు రోగి ఆస్పత్రి ఉన్న ఊళ్లోనే ఉండిపోవాలి. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లోపు ముగించాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం. నడుమ నాగాలు పడి అంతకన్నా సాగేకొద్దీ జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గరి గూడెంలో కూలి చేసుకునే ఒక మహిళకు ఈ చికిత్స రాశారనుకుందాం. హైదరాబాద్ దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరం. రేడియేషన్‌కు ఆమె పైసా కట్టనక్కర్లేదు, దాన్ని ప్రభుత్వ పథకం భరిస్తుంది. ఈ ఐదారు వారాలూ ఆమె ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, తోడు వచ్చిన మనిషికి పోయిన కూలి సంగతేమిటి, ఇంటి దగ్గర పిల్లలకు వండి పెట్టేదెవరు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ పథకంలో జవాబు లేదు. చేతిలో డబ్బులు అయిపోయి మూడో వారంలో ఆమె ఊరి బస్సెక్కితే, అప్పటిదాకా ప్రభుత్వం పెట్టిన ఖర్చూ, ఆమె పడ్డ బాధా చాలావరకు వృథా.

దూరం నుంచి వచ్చే రోగి ప్రయాణాన్నీ, బసనీ, తోడు మనిషి ఖర్చునీ చికిత్సలో భాగంగానే లెక్కగట్టాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆపరేషన్‌కీ మందుకీ ముందే అనుమతి ఇచ్చి డబ్బు కేటాయించినట్టు దీనికీ కేటాయించాలి. అదీ రోగి ఇల్లు కదలకముందే చేతికి అందాలి. దీన్ని దయతోనో, ఎన్నికల ముందు ప్రకటించే మరో కానుకగానో చూడాల్సిన పని లేదు. ఎనిమిది వారాల గడువు దాటితే మందు పనితనం తగ్గుతుందని వైద్యశాస్త్రమే చెబుతున్నప్పుడు, ఆ గడువులోపు రోగిని ఆస్పత్రి దగ్గర ఉంచగలిగే డబ్బు కూడా మందులాంటిదే.

ఉచిత వైద్యం దారిలో తెలుగు రాష్ట్రాలు ఎక్కువ దూరమే నడిచాయి. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అన్న రోజుల్ని మార్చింది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యాన్ని ప్రకటించింది. 2023 డిసెంబరులో తెలంగాణ తన పరిమితిని 10 లక్షలకూ, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకూ పెంచాయి. ఇలా పెంచినప్పుడల్లా పెరిగింది ఆస్పత్రికి చెల్లించే సొమ్ము. దారి ఖర్చు గురించి ఎవరూ అసలు ఆలోచించలేదని అనలేం. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో, ఆస్పత్రిలో చేరిన రోగి భోజనమూ తిరుగు ఛార్జీ కూడా కలిసే ఉన్నాయి. 2008 నాటి రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో ఆస్పత్రిలో చేరిన ప్రతిసారీ 100 రూపాయలు, ఏడాది మొత్తం మీద 1,000 రూపాయలు మించకుండా ప్రయాణ భత్యం ఉండేది. అయితే ఈ ఏర్పాట్లన్నీ ప్రయాణాన్ని ఒక బస్సు టికెట్‌గానే చూశాయి. నిజంగా పెద్ద జబ్బు చేసిన పల్లెవాసి ప్రయాణం అలా ఉండదు. ముందు ఊళ్లో ఆర్ఎంపీ, తర్వాత ఏరియా ఆస్పత్రి, అక్కణ్నుంచి జిల్లా కేంద్రం, అక్కడ స్కానింగ్, ఆ రిపోర్టు పట్టుకుని నగరం. నగరంలో ముక్క తీసి పరీక్షకు పంపి, వారం తర్వాత రమ్మంటారు. అది క్యాన్సరో కాదో తేలాక మరో స్కాన్, మరో తేదీ. ప్యాకేజీకి అనుమతి రాకముందే ఇన్ని తిరుగుళ్లు అయిపోతాయి. పథకం దృష్టిలో రోగి అప్పటికింకా రోగి కాదు గనక వీటిలో ఒక్కదానికీ లెక్క ఉండదు. చాలా ఇళ్లల్లో దాచుకున్న డబ్బు ఖర్చయిపోయేది ఈ దశలోనే.

ఈ ఖర్చు ఎంతన్నది జాతీయ నమూనా సర్వే కొంతవరకు చెప్పింది. 2014 నాటి 71వ విడత సర్వే ప్రకారం, పల్లెవాసి ఒకసారి ఆస్పత్రిలో చేరితే సగటు వైద్య ఖర్చు 14,935 రూపాయలు, ప్రయాణం, తిండి, బస వంటి ఇతర ఖర్చు 2,021 రూపాయలు. రెండు వేలేగా అనిపించవచ్చు. ఆ సగటులో పక్క మండలంలో జ్వరానికి చేరి రెండో రోజు ఇంటికి వచ్చినవారూ ఉన్నారు, రెండు జిల్లాలు దాటి గుండె ఆపరేషన్‌కు వెళ్లినవారూ ఉన్నారు. పోయిన కూలి అందులో లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఆస్పత్రిదాకా చేరినవాళ్ల లెక్క. ఛార్జీలకు లేక ఇంట్లోనే ఆగిపోయినవారి ఖర్చు ఆ పట్టికలో సున్నా. వైద్యం పథకం కింద ఉచితమైన కొద్దీ, మిగిలిన ఈ ఖర్చే వెళ్లాలా వద్దా అన్నది తేల్చేస్తుంది. పల్లెకు దగ్గరలో నిపుణులు ఉంటే ఈ సమస్య ఇంత ఉండేది కాదు. కేంద్ర ఆరోగ్యశాఖ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత ఉంది. సర్జన్, పిల్లల డాక్టర్, కాన్పుల డాక్టర్ కూడా దొరకని చోటినుంచి బయల్దేరిన మనిషికి న్యూరోసర్జన్ ఎంత దూరమో వేరే చెప్పాలా?

దూరం అందరినీ ఒకేలా ఆపదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు 2016లో వచ్చిన దాదాపు 24 లక్షల అవుట్ పేషెంట్ సందర్శనలను పరిశీలించి 2019లో బీఎంజే ఓపెన్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. గైనకాలజీ రోగులను పక్కనపెట్టి చూస్తే, ఢిల్లీ వాసుల్లో ఒక్కో మహిళకు 1.41 మంది పురుషులు వచ్చారు. పక్కనే ఉన్న హరియాణా నుంచి ఆ నిష్పత్తి 1.70, ఉత్తరప్రదేశ్ నుంచి 1.98, దూరాన ఉన్న బిహార్ నుంచి 2.37. దూరం పెరిగిన కొద్దీ ఆడవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. బిహార్‌లో ఆడవాళ్లకు జబ్బులు తక్కువని దీనర్థం కాదు. ఇంట్లో ఉన్న డబ్బు ఒక్కరి ప్రయాణానికే సరిపోతే ఆ ప్రయాణం ఎవరిదవుతుందో ఈ అంకెలు చెబుతున్నాయి. మగవాడు ఒంటరిగా రైలెక్కగలడు. ఆడమనిషి వెళ్తే తోడు కావాలి, అంటే రెండు టికెట్లు, రెండు భోజనాలు, ఇద్దరి కూలి నష్టం. దూరం మీద పడే ఖర్చు నిజానికి ఆమె విషయంలో రెండింతలవుతుంది. తోడు మనిషి ఖర్చును లెక్కలోకి తీసుకోని ఏ పథకమైనా ఆడవాళ్లను సగం దారిలో వదిలేసినట్టే.

డబ్బిస్తే మార్పు వస్తుందా అన్నదానికి జవాబు మన దక్షిణాదిలోనే ఉంది. కంటి శుక్లాల ఆపరేషన్ ఉచితంగా చేస్తామన్నా పల్లె జనం ఎందుకు రావడంలేదో తెలుసుకోవడానికి మదురై ప్రాంతంలో జరిగిన ఒక పరిశీలన 1991లో వెలువడింది. ఆపరేషన్‌తో పాటు రానుపోను ప్రయాణం, భోజనం కూడా ఉచితమని చెప్పిన గ్రామాల్లో ఆపరేషన్‌కు ముందుకొచ్చినవారు ఎక్కువగా ఉన్నారు. కంటి శిబిరాల దగ్గర్నుంచే బస్సుల్లో ఎక్కించుకెళ్లి, ఆపరేషనయ్యాక ఊళ్లో దింపే పద్ధతి దక్షిణాదిన అంతగా పాతుకుపోవడానికి ఇదీ ఒక కారణం. కాన్పుల సంగతీ ఇంతే. 2005లో జననీ సురక్ష యోజన కింద నగదు, 2011లో జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఇంటినుంచి ఆస్పత్రికీ, ఆస్పత్రినుంచి ఇంటికీ ఉచిత వాహనం వచ్చాయి. 2005-06లో దేశంలో ఆస్పత్రి కాన్పులు 39 శాతం; 2019-21 నాటికి 89 శాతం దాకా చేరాయి. ఇదంతా వాహనం ఒక్కదానివల్లే జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. ఆశా కార్యకర్తలు, 108 అంబులెన్సులు, రోడ్లు, చదువు అన్నీ కలిశాయి. అయినా కాన్పు విషయంలో ప్రభుత్వం ఒక సూత్రం ఒప్పుకుంది: ఆస్పత్రికి చేర్చడమూ, తిరిగి ఇంట్లో దించడమూ తన బాధ్యతేనని. ఆ తల్లికే పదేళ్ల తర్వాత రొమ్ము క్యాన్సర్ వస్తే ఆ బాధ్యత ఎందుకు లేకుండా పోవాలి?

ఇప్పుడున్న సాయం ఏమీ తక్కువది కాదు గానీ చెల్లాచెదురుగా ఉంది. క్యాన్సర్ రోగి చికిత్సకు వెళ్తుంటే రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ ఉంది. వెంట వెళ్లే ఒకరికి 75 శాతం. కిడ్నీ మార్పిడి, డయాలసిస్, గుండె ఆపరేషన్, తలసేమియా రోగులకూ తోడుతో సహా 75 శాతం రాయితీ ఉంది. దీనికి ఆస్పత్రి నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం కావాలి. జబ్బేమిటో తేలకముందు చేసే తొలి ప్రయాణాలకు ఆ పత్రం ఎవరిస్తారు? పైగా రైలు మార్గమే లేని ఊళ్లు మనకు కోకొల్లలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. వైద్యం కోసం పెట్టిన పథకాలు కాకపోయినా ఇవి రోగులకు చేసిన మేలు చాలా పెద్దది. కాకపోతే రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆ మేలు ఆగిపోతుంది. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు వెళ్లేవారు మళ్లీ జేబు తడుముకోవాల్సిందే. కీమో ఎక్కించుకుని వాంతులతో ఉన్న మనిషి రద్దీ బస్సులో ఆరేడు గంటలు ఎలా కూర్చుంటారన్నది ఇంకో చిక్కు. గిరిజన ప్రాంతపు క్షయ రోగులకు ఒకసారి ఇచ్చే 750 రూపాయలు, 2022లో హైదరాబాద్ పెద్దాస్పత్రుల దగ్గర రోగుల సహాయకులకు మొదలైన 5 రూపాయల భోజనం, క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు సెయింట్ జూడ్ సంస్థ ఇచ్చే ఉచిత బస... ఒక్కోటీ ఒక్కో మంచి ఆలోచన. వీటన్నిటినీ వెతికి, అర్హత తెలుసుకుని, కాగితాలు పోగుచేసుకునే పని మాత్రం అన్నిటికన్నా బలహీనంగా ఉన్న రోజున రోగి మీద పడుతోంది. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి పిల్లల క్యాన్సర్ విభాగం బస, భోజనం, ప్రయాణం, కుటుంబానికి సలహా అన్నీ ఒకేచోట అందేలా చేశాక, చికిత్స మధ్యలో మానేసి వెళ్లిపోయే కుటుంబాల శాతం బాగా తగ్గింది. అక్కడ కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందు పూర్తయ్యేదాకా పిల్లల్ని ఉండనిచ్చారు.

సాయం ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ముఖ్యమని నా నమ్మకం. బిల్లులు తెండి, తర్వాత ఇస్తాం అనే పద్ధతి ఉద్యోగికి సరిపోతుంది, ఎందుకంటే అతని చేతిలో ముందు పెట్టడానికి జీతం ఉంటుంది. కూలికి ముందు పెట్టాల్సింది అప్పు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200. ప్రభుత్వం ఆరు నెలలకు ఆ 20,000 తిరిగిచ్చినా, అప్పటికి 3,600 ఎక్కువ కట్టాల్సి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో ఒక మంచి అడుగు వేసింది. ఆపరేషన్ తర్వాత పనికి వెళ్లలేని రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా రోగి ఖాతాలో వేసే పథకమది. కూలి పోవడం కూడా జబ్బు ఖర్చేనని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే అది డిశ్చార్జి తర్వాత మొదలవుతుంది. ఇంటి గడప దాటడానికే ఇబ్బంది పడేవారికి అది అందేసరికి ఆలస్యమైపోతుంది. అదే రూపాయిని ముందుకు జరపమని అడగడం కొత్త సిద్ధాంతమేమీ కాదు.

దీనిమీద వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది: ఛార్జీలిచ్చి జనాన్ని నగరాలకు పంపే బదులు ఆ డబ్బుతో ఆస్పత్రినే దగ్గరికి తేవచ్చు కదా? తేవాల్సిన చోట తప్పకుండా తేవాలి. ఉద్దానం ఇందుకు సాక్ష్యం. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఇంటింటినీ పీడిస్తోంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు, జీవితాంతం. ఒకప్పుడు అందుకోసం రెండువందల కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. వారానికి మూడుసార్లు అంత దూరం వెళ్లి వచ్చేవాడికి ఎంత భత్యమిచ్చినా అది వైద్యం అనిపించుకోదు. స్థానికంగా డయాలసిస్ కేంద్రాలు పెట్టడం, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించడం, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇవ్వడం సరైన పనులు. ఇక్కడినుంచి నేర్చుకోవాల్సింది ఏమిటంటే, తరచుగా అవసరమై, యంత్రం పెడితే చిన్న ఊళ్లోనూ చేయగలిగిన చికిత్స రోగి దగ్గరికి రావాలి. కానీ చంటిబిడ్డ గుండె ఆపరేషన్ పలాసలోనూ ఉట్నూరులోనూ చేయమనడం బిడ్డకే ప్రమాదం. అలాంటి ఆపరేషన్లు ఎక్కువగా చేసేచోటే బాగా చేస్తారు. రేడియేషన్ యంత్రానికి మందపాటి కాంక్రీటు గోడల గది, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, వైద్య భౌతిక నిపుణుడు కావాలి; ప్రతి రెవెన్యూ డివిజన్లోనూ అది సాధ్యమయ్యేది కాదు. ఆస్పత్రి కట్టి, డాక్టర్లను తెచ్చి, నడిపించేదాకా పదేళ్లు పడితే, ఆ పదేళ్లూ జబ్బుపడేవాళ్లు ఏం చేయాలన్నదానికీ జవాబు కావాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలనడం దగ్గరే వాదన దారి తప్పుతోంది.

ప్రయాణాన్ని తగ్గించే ఇంకో దారి వైద్యుల చేతుల్లోనే ఉంది, దాని గురించి మన దగ్గర చర్చ తక్కువ. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఐదు వారాలు ఇచ్చే రేడియేషన్‌ను మోతాదు సర్ది మూడు వారాల్లో ఇచ్చినా ఫలితం తగ్గదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలు చాలాకాలం కిందే తేల్చాయి. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పికి పది విడతల బదులు ఒకే విడత రేడియేషన్ చాలామందికి సరిపోతుంది. ఉమ్మడి హాలులో పడుకుంటున్న రోగికి రెండు వారాలు తగ్గడమంటే ఎన్ని వేలు మిగిలినట్టో! ప్రతి విడతకూ డబ్బు చెల్లించే ప్యాకేజీలు, విడతలు తగ్గించిన ఆస్పత్రిని శిక్షించకుండా చూసుకోవాలి. ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి పిలిచే తేదీల్లో కొన్నింటిని ఫోన్ వీడియో మీదుగా పీహెచ్‌సీలోనే ముగించవచ్చు. 2019లో మొదలైన ఈ-సంజీవని అందుకు పనికొస్తుంది. అయితే టెలిమెడిసిన్ ఉంది కదా, ఇక ప్రయాణ భత్యం ఎందుకు అనేవారికి ఒక మాట చెప్పాలి: ముక్క తీసే పరీక్షా, స్టెంట్ వేయడమూ తెర మీద జరగవు. ఫోన్ వల్ల ఆగేవి అనవసరపు ప్రయాణాలు. అవసరమైన ప్రయాణం అలాగే ఉంటుంది.

ఛార్జీలిస్తే అందరూ జిల్లా ఆస్పత్రిని వదిలేసి హైదరాబాదు, విశాఖ పరుగెత్తుతారన్నది మరో భయం. అందులో కొంత నిజం ఉంది. అందుకే భత్యం రెఫరల్‌తో ముడిపడి ఉండాలి: ఆ చికిత్స జిల్లాలో లేదని ప్రభుత్వ వైద్యుడు రాసినప్పుడే, దగ్గర్లో అది దొరికే నెట్‌వర్క్ ఆస్పత్రి వరకే. ఇలా చేస్తే జిల్లా ఆస్పత్రికి రోగులు తగ్గరు సరికదా, ముందు అక్కడికే వస్తారు. దొంగ బిల్లుల భయానికీ ఇదే జవాబు. బిల్లులు అడిగితేనే దొంగ బిల్లులు పుడతాయి. ఊరి నుంచి ఆస్పత్రికి దూరం ఎవరూ దాచలేనిది. ఆధార్ చిరునామా, ఆరోగ్యశ్రీ అనుమతి, ఆస్పత్రిలో హాజరు ఈ మూడూ ఇప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి. దూరాన్ని బట్టి మూడు నాలుగు శ్లాబులు, చికిత్స ఎన్ని రోజులో దాన్ని బట్టి బస భత్యం అని నిర్ణయిస్తే బిల్లు కాగితం అవసరమే ఉండదు. స్కాట్లాండ్ ఉత్తరాది కొండలు, దీవుల రోగులకు ప్రయాణ ఖర్చు ఇచ్చే పథకంలో అర్హతకు రోడ్డు మీదైతే 30 మైళ్లు, సముద్రం దాటాల్సి వస్తే 5 మైళ్లు చాలు. దూరాన్ని మైళ్లలో మాత్రమే కాక కష్టంలోనూ కొలవాలన్న ఆ తెలివి మనకూ అవసరం. పాడేరు ఏజెన్సీలో డోలీ మీద మోసుకొచ్చే పది కిలోమీటర్లూ, జాతీయ రహదారి మీద పది కిలోమీటర్లూ ఒకటి కావు. ఆస్ట్రేలియా 1978లోనే మారుమూల రోగుల ప్రయాణానికీ బసకూ జాతీయ పథకం పెట్టి, 1987లో రాష్ట్రాలకు అప్పగించింది. 2007లో ఆ దేశ సెనేట్ కమిటీ విచారించి, ఇచ్చే సొమ్ము అసలు ఖర్చుకు అందడంలేదనీ, దరఖాస్తుల తంతు రోగుల్ని వేధిస్తోందనీ గుర్తించింది. సంపన్న దేశంలోనే పథకం ఉంటే చాలదని తేలింది. కాగితాలు తగ్గించడం, రేట్లను ఛార్జీలతో పాటు పెంచడం మొదటినుంచే నియమంగా రాసుకోవాలి.

ఇక డబ్బెక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న. ఆరోగ్య ఆసరా రేటునే తీసుకుని లెక్కేద్దాం. రేడియేషన్ రోగికీ తోడు మనిషికీ రోజుకు 225 చొప్పున ఆరు వారాలకు, అంటే 42 రోజులకు, 18,900 రూపాయలు. దానిపైన రానుపోను ఛార్జీలు. ఒక కుటుంబానికి 10 లక్షలో 25 లక్షలో వైద్యం ఇస్తామన్న ప్రభుత్వాలకు ఇది మోయలేని భారం కాదు. అంత పెద్ద పరిమితిని నిజంగా వాడుకునే కుటుంబాలు ఏటా ఏ కొద్దో ఉంటాయి. దారి ఖర్చు అవసరమయ్యేవారు మాత్రం ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఆస్పత్రుల దగ్గర సత్రాలు కట్టిస్తే రోజువారీ భత్యం ఇంకా తగ్గుతుంది. తిరుమల యాత్రికుల కోసం సత్రాలు కట్టించిన సంప్రదాయం మనది. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్, కేజీహెచ్ వంటి చోట్ల ఒక పక్క ప్రభుత్వం స్థలం, మరో పక్క దాతలు భవనం ఇస్తే అది జరిగే పనే. సత్రం ఉన్నా ఊరినుంచి అక్కడికి చేర్చే డబ్బు విడిగా కావాలన్నది మరిచిపోకూడదు.

ఇదంతా ఒకేసారి అన్ని జబ్బులకూ మొదలుపెట్టనక్కర్లేదు. రేడియేషన్‌తో ఆరంభించవచ్చు, ఎందుకంటే అక్కడ రోజుల లెక్క ముందే తెలుసు, గడువు దాటితే నష్టమూ తెలుసు. ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర అనుమతికి దరఖాస్తు నింపేటప్పుడే ఊరు, తోడు ఎవరు, బస ఎక్కడ అన్న మూడు వివరాలు అడగాలి. అనుమతితో పాటే మొదటి విడత ఛార్జీ, రెండు వారాల బస భత్యం రోగి ఖాతాలో పడాలి. మిగతాది రేడియేషన్ హాజరు నమోదైన కొద్దీ పడాలి. పొరుగు రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆస్పత్రికి పంపినా ఇదే వర్తించాలి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ తన పథకాన్ని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆస్పత్రులకు విస్తరించినప్పుడే ఈ ప్రశ్న తలెత్తాల్సింది. తర్వాత ఏటా రెండు అంకెలు ప్రచురించాలి: అనుమతి పొందినవారిలో చికిత్స మొదలుపెట్టనివారు ఎందరు, మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవారు ఎందరు. వీటికి కావలసిన సమాచారం ఈ పథకాలు నడిపే ట్రస్టుల కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది. ఆ అంకెలను జిల్లాలవారీగా, ఆస్పత్రినుంచి దూరాన్ని బట్టి, స్త్రీలు ఎందరో పురుషులు ఎందరో విడివిడిగా చూపించాలి.